పిలిస్తే వచ్చే బంతి

కెలవరపల్లి డ్యాం పక్క మైదానంలో ఆరింటికే వార్మప్ మొదలయ్యేది. హోసూరు ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టు ఆడపిల్లలు పదకొండు మంది స్వెట్టర్లతోనే రెండు రౌండ్లు పరుగెత్తి, చీలమండలు తిప్పి, మోకాళ్లు ఛాతీదాకా ఎత్తేవాళ్లు. ఒళ్లు వెచ్చబడ్డాక స్వెట్టర్లు విప్పి గోల్‌పోస్టుకు తగిలించి, అప్పుడు బంతిని పిలిచేవాళ్లు. "ఈడికి రా" అంటే చాలు, దూడపిల్లలా వచ్చి పిలిచినవాళ్ల పాదం దగ్గర నిలబడేది.

గుంటూరు నుంచి ఉద్యోగానికొచ్చి మూడు నెలలైన లక్ష్మీప్రియ దగ్గరికి మాత్రం వచ్చేది కాదు. "ఇటు రామ్మా, ఇక్కడికి రా" అని ఎంత బతిమాలినా కదలదు.

"దానికి నీ మాట ఇంకా పట్టుబడలేదమ్మా, అంతే. కోపమేం లేదు," అనేది కెప్టెన్ నాగవేణి. ఆమెది హోసూరు దగ్గరి బేరిగై ఊరు, రాగిచేలల్లో పెరిగిన మనిషి.

లక్ష్మీప్రియ హాస్టల్‌కు పోయి దుప్పటి ముసుగేసుకునేది. పనిలో పక్కమ్మాయి మాట సగం అర్థం కాదు, తిండి సయించదు. చివరికి ఎస్టీడీ బూత్ నుంచి అమ్మకు ఫోన్ చేసి, ఉద్యోగం మానేసి ఆదివారం వచ్చేస్తున్నానని చెప్పింది. జట్టుకూ చెప్పిపోదామని శుక్రవారం పొద్దున మైదానానికి వచ్చింది.

ఆ రోజు నాగవేణికి ఆలస్యమైంది. పరుగూ లేదు, ఏమీ లేదు, వెచ్చబడని కాలితోనే బంతిని బలంగా తన్నింది. పిక్క పట్టేసి అక్కడే కూలబడింది. బంతి గోల్ దాటి, గట్టెక్కి, నీళ్లవైపు జారిపోయింది. అందరూ పిలిచారు గానీ అంత దూరానికి దానికి వినబడలేదు.

గట్టు మీద నిలబడి, ఎలా చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటున్న లక్ష్మీప్రియ వాలులోకి పరుగెత్తింది.

"యాడికే పోతావు? నీళ్లలో పడతావు, ఈడికి రా."

బంతి ఆగింది. వెనక్కి తిరిగి, వాలు ఎక్కి, ఆమె బూటుకు ఆనుకుంది. లక్ష్మీప్రియ దాన్ని అరికాలితో వెనక్కి లాగి, వేళ్లతో పైకి లేపింది. పాదం మీంచి మోకాలికి, మోకాలి మీంచి పాదానికి, కింద పడనివ్వకుండా ఆడించుకుంటూ మైదానంలోకి వచ్చింది. నిన్నటిదాకా వరసగా మూడు తన్నులు దాటని పిల్ల.

నాగవేణి పిక్క రుద్దుకుంటూ చూసింది. "నాకు వారం దినాలు కాలు ఆడేట్టు లేదు. రేపట్నుంచి వార్మప్పు నువ్వే చేయించల్ల."

లక్ష్మీప్రియకు చెప్పాలనుకున్న సంగతి నోటిదాకా వచ్చి ఆగింది. బంతి ఆమె రెండు పాదాల నడుమ దూరి, వెచ్చగా ఒదిగి ఉంది.

"ఎంత ముందు రమ్మంటావక్కా?"

"ఆరుకు రోంత ముందే రా. అది ఐదున్నర నుంచే నీ కోసరం కాచుకోనుంటాది."