అభ్యంతరం లేదు

సోమవారం పొద్దున బిషప్ గారి కార్యదర్శి ఒక కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. పై కాగితం మీద పుస్తకం పేరు చూడగానే ఎర్రపెన్ను ఫాదర్ గుండె గతుక్కుమంది.

'మనిషి ఎవరు?'

రాసింది, ఆరేళ్ళ కిందట ఆయన దగ్గరే చదువుకున్న సిస్టర్.

"శుక్రవారం నాలుగింటికి వస్తాను, ఫాదర్. ప్రెస్సువాళ్ళు కాచుక్కూర్చున్నారు. మీ రెండు ముక్కలూ పడితే చాలు," అన్నాడు కార్యదర్శి.

ఆ రెండు ముక్కలు 'అభ్యంతరం లేదు'. మతసిద్ధాంతం మీద ఎవరు పుస్తకం రాసినా, అందులో తప్పేమీ లేదని సెమినరీలో పాఠాలు చెప్పే ఈ ఫాదర్ చదివి సంతకం పెట్టాలి. పెట్టకపోతే పుస్తకం గడప దాటదు. పాతికేళ్ళుగా విద్యార్థుల వ్యాసాలను రక్తం కారేలా దిద్దుతున్నందుకు పిల్లలు పెట్టిన పేరు ఎర్రపెన్ను.

కార్యదర్శి వెళ్ళాక ఫాదర్ బీరువా తలుపు తీశాడు. అడుగు అరలో ఆయన సొంత రాతప్రతి ఉంది. మొదలుపెట్టి పదకొండేళ్ళు. మూడో అధ్యాయం దగ్గర ఆగి రెండేళ్ళు. విషయం అదే, మనిషి.

"నేను పదకొండేళ్ళు దున్నితే కోత నువ్వు కోస్తావా?" అని కట్టను అడిగి, బీరువా ధన్‌మని మూశాడు.

ముందుగా ఆయన చూసింది చివర ఉన్న కృతజ్ఞతల పేజీ. కాన్వెంటు వంటావిడ ఉంది. టైపు చేసినాయన ఉన్నాడు. తను లేడు. ఒళ్ళు మండిపోయింది.

మూడు రోజులు దువ్వెనతో పేలు ఏరినట్టు చదివాడు. ఒక్క తప్పు దొరకలేదు. పైగా పుస్తకం బాగుంది. అసలు బాధ అదే. ఒకచోట "భలే" అని పైకే అనేసి, ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూశాడు.

గురువారం సాయంత్రం, ఐదో అధ్యాయం చివర దొరికింది.

'ఎదుటివారిని గుర్తించి బదులు పలికినప్పుడే మనిషి వ్యక్తి అవుతాడు.'

ఫాదర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అలాగైతే కడుపులో బిడ్డ సంగతేమిటి? స్పృహ లేని రోగి సంగతేమిటి? వాళ్ళు వ్యక్తులు కారా? క్యాథలిక్ తిరుసభ ససేమిరా ఒప్పుకోని మాట! ఆ సంబరంలో తర్వాతి పేజీ తిప్పనే లేదు. 'అభ్యంతరం ఉంది' అని మొదలుపెట్టి పేజీ నిండా రాసి, కవరులో పెట్టి అంటించాడు. వారం మొదలయ్యాక కడుపునిండా తిన్నది ఆ పూటే.

ఇక ఒక్క లాంఛనం మిగిలింది. కాదనే ముందు రాసినవాళ్ళ మాట వినాలి. శుక్రవారం మూడున్నరకు సిస్టర్ వచ్చింది. తడిగొడుగు మూలన పెట్టి, కుర్చీ అంచున కూర్చుంది.

"ఏమ్మా, ఈ వాక్యం ఎవరిది?" ఫాదర్ వేలితో పొడిచి చూపించాడు.

సిస్టర్ చూసింది. కాగితాన్ని మెల్లగా ఆయన వైపుకే తిప్పింది.

"నీదేగా? చెప్పు."

"కాదు, ఫాదర్. మీదే."

"నాదా!"

"రెండో సంవత్సరం క్లాసులో మీరు చెప్తుంటే రాసుకున్నాను. కావాలంటే నోటుబుక్కు తెస్తాను. అది ఎందుకు తప్పో చెప్పడానికే ఆరో అధ్యాయం రాశాను. అందుకే మీ పేరు ఎక్కడా పెట్టలేదు. పెడితే, మిమ్మల్ని తప్పుపట్టానని చదివినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు." ఆమె ఆగి, ఆయన మొహంలోకి చూసింది. "ఆరో అధ్యాయం చదవలేదా, ఫాదర్?"

గోడ గడియారంలో మూడూ నలభై. బీరువాలో ఆగిపోయిన, రెండేళ్ళుగా తను తెరిచి చూడని మూడో అధ్యాయం ఆ వాక్యంతోనే మొదలవుతుంది. ఫాదర్ చెవులు వేడెక్కాయి. పేజీ తిప్పాడు.

'ఆదివారాలు నేనొక పెద్దావిడ దగ్గర కూర్చుంటాను. ఆవిడకు ఎవరూ గుర్తులేరు. పిలిస్తే పలకదు. దుప్పటి అంచు పట్టుకుని గాలిలో కుట్లు వేస్తూ ఉంటుంది. ఆవిడ వ్యక్తి కాదనడానికి నాకు నోరు రాలేదు. మనం బదులు పలికినందుకు వ్యక్తులం కాలేదు, దేవుడు పిలిచినందుకు అయ్యాం. ఆవిడను పిలవడం ఆయన మానలేదు.'

గాలిలో కుట్లు. తను ఫాదర్ అయిన రోజు వేసుకున్న తెల్లంగీని కుట్టిన చేతులు.

"ఈవిడ మా అక్క," అన్నాడు ఫాదర్.

"అవును. మొదటిరోజే నర్సు చెప్పింది."

అమ్మ పోయాక చంకనేసుకుని పెంచిన అక్క. రెండేళ్ళ కిందట "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగింది. ఆ రోజు వృద్ధాశ్రమం మెట్లు దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు. అక్కడ అక్క లేదు, ఒట్టి ఒళ్ళే ఉందని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

"నిన్ను... గుర్తుపడుతుందా?"

"లేదు, ఫాదర్. కానీ చెయ్యి పట్టుకుంటుంది. పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. నర్సు వచ్చి వేళ్ళు విడదీయాల్సిందే."

పుస్తకం, కృతజ్ఞతలు, పదకొండేళ్ళు, అన్నీ ఎటో కొట్టుకుపోయాయి. నాలుగు రోజుల కుళ్ళంతా పోగై, బల్ల మీద ఆనించి ఉన్న ఆ అమ్మాయి కుడిచేతి మీద వాలింది. అక్క పట్టుకుని వదలనిది ఆ చేతినే.

తలుపు తోసుకుని కార్యదర్శి వచ్చాడు. "నాలుగైంది, ఫాదర్! అబ్బో, కవరు రెడీగానే ఉందే." తీసి చంకలో పెట్టేసుకున్నాడు.

"అది కాదు! ఇలా ఇవ్వు!"

ఫాదర్ కవరు లాక్కుని అడ్డంగా చించాడు. అనుమతి ఫారం ముందుకు జరుపుకుని రెండు ముక్కలూ రాసి, సంతకం గీకాడు. చేతికి దొరికింది ఎర్రపెన్నే.

"ఎర్రసిరాతోనా, ఫాదర్? చెల్లుతుందంటారా?"

"చెల్లుతుంది. నువ్వు ముందు నడువు."

అతను వెళ్ళాక సిస్టర్ గొడుగు తీసుకుని గుమ్మం దగ్గర ఆగింది. "ఎల్లుండి సాయంత్రం వెళ్తున్నాను. మీరూ రండి, ఫాదర్. కలిసే వెళ్దాం."

"ఎల్లుండి నువ్వు రాకు."

"అదేంటి?"

"నీ చెయ్యి కనబడితే మా అక్క నా చెయ్యి పట్టుకోదు," అన్నాడు ఎర్రపెన్ను ఫాదర్, అలిగిన పిల్లాడిలా మొహం పెట్టి. "పై వారం నువ్వు వెళ్ళు. ఈ వారం నాది."