చప్పుడు లేని నేల

మా ఇంట్లో నేలతో అందరికన్నా ఎక్కువ పని నాకే. పుట్టుకతోనే నాకు చూపు లేదు. గోడలకి ఏ రంగు వేసినా, కిటికీలకి ఏ తెర కట్టినా నాకొకటే. నేల మాత్రం నాది. దాన్ని మార్చేటప్పుడు నా మాటని పూచికపుల్ల కింద తీసిపారేస్తే ఒళ్ళు మండదా?

రంజాన్ ఉపవాసాలు ముగిశాక చేసుకునే రాయా పండగ వస్తోందంటే కౌలాలంపూర్‌లో మా మలయ్ ఇళ్ళన్నిటికీ ఒకటే పూనకం. కొత్త తెరలు, కొత్త గలీబులు, ఈమధ్య వినైల్ పలకలు. పాత టైల్స్ మీదే పరిచి, ఒక పలక అంచుని ఇంకో పలక గాడిలోకి నొక్కుకుంటూ పోతే చెక్క నేల తయారట. మా ఆవిడ రోస్నానికి ఈ పిచ్చి ఎక్కించింది ఆమె తమ్ముడు శుక్రి. ఫోనులో నాలుగు వీడియోలు చూసి మేస్త్రీ అయిపోయాడు వాడు.

ఉపవాసాల నెలలో ఒక సాయంత్రం శుక్రి దుకాణం నుంచి నమూనా ముక్కలు తెచ్చి బల్లమీద పరిచాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ వాటి మీద పడ్డారు.

"కాక్, ఈ తేనెరంగుది చూడు. ఇల్లు వెలిగిపోతుంది," అన్నాడు అక్కతో.

"మరకలు కనబడతాయేమోరా. ఆ ముదురుదైతే?"

"ముదురుదైతే దుమ్ము కనబడుద్ది. రోజంతా చీపురు పట్టుకునే ఉండాలి నువ్వు."

నేను చెయ్యి చాపాను. "ఇటివ్వండి, నేనూ చూస్తా."

"రంగులతో మీకేం పని అబాంగ్?" అని నవ్వాడు. బావనైనా, మొగుణ్ణయినా మావాళ్ళు 'అబాంగ్' అనే పిలుస్తారు.

"రంగు నీ మొహాన పూసుకో. ముక్కలిటివ్వు."

ఇచ్చాడు. ఒకటి అద్దంలా నున్నగా ఉంది. ఇంకోదాని మీద చెక్క ఈనెలు వేలికి తగిలేలా గరుకుగా ఉన్నాయి. గోటితో గీస్తే గరగరమంది. "ఇది తీసుకోండి. కాలికి పట్టు ఉంటుంది, నడిస్తే వినబడుతుంది," అన్నాను. "సరే అబాంగ్, అదే," అన్నారు ఇద్దరూ. నేను నమ్మాను.

రైల్వే స్టేషను దగ్గర మసాజు కొట్లో నా పని. అక్కడ మేమంతా చూపు లేనివాళ్ళమే. పలకలు వేసిన రోజు పొద్దున వెళ్ళి, ఉపవాసం విడిచే వేళకి ఇంటికొచ్చాను. గుమ్మం బయట చెప్పులు వదిలి లోపల కాలు పెట్టాను. కాలికింద నున్నగా, మెత్తగా తగిలింది.

నేనెంచుకున్నది కాదు.

దానికన్నా ఘోరం ఇంకోటి. చప్పుడు లేదు. మా పాత నేలకి గుమ్మం దగ్గర ఒక టైల్ వదులై ఉండేది. ఎవరొచ్చినా టక్కుమనేది. వంటింటి మొదట్లో పగిలిన టైల్ ఒకటి కిర్రుమనేది. మడమ ఈడుస్తూ నడిచే రోస్నాని ఇంట్లో ఏ మూలకి వెళ్ళినా నాకు తెలిసేది. పెళ్ళయినప్పటి నుంచీ "ఎక్కడున్నావ్?" అని ఆమెని అడిగే అవసరం రాలేదు నాకు. ఇప్పుడు నా ఇంట్లో నేనే దారి తప్పినవాడిలా నిలబడ్డాను.

"ఎవరున్నారు?" అన్నాను.

"నీ ఎదురుగానే ఉన్నా అబాంగ్!" రోస్నాని గొంతులో సంబరం. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. అయినా నాకు తెలియనేలేదు.

"నేను చెప్పింది ఇది కాదుగా?"

"గరుకుదాంట్లో దుమ్ము ఇరుక్కుంటుందని కొట్టువాడు చెప్పాడు..."

"మరి నన్నెందుకు అడిగారు?"

"మేమెక్కడ అడిగాం? మీరే చెయ్యి చాపారు," అన్నాడు శుక్రి మూలనుంచి. పైగా గొప్పలు. "పలకల కింద ఒక్క ఫోము పొరే వెయ్యమని పెట్టె మీద రాసుంది. నేను రెండు వేశా. ఏనుగు నడిచినా వినబడదు. పండక్కొచ్చే చుట్టాల పిల్లలు గెంతినా కిందింటివాళ్ళు ఇక మన మీదకి రారు."

ఆ రెండు ఫోముల మూలాన అడుగేస్తే నేల కిందకి దిగి మళ్ళీ పైకి లేస్తోంది. అతుకులు కాలికింద కదులుతున్నాయి. "తీసెయ్యండి," అన్నాను. "పండగ వెళ్ళాక చూద్దాంలే," అంది రోస్నాని. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు.

పండగ ముందురోజు వంటిల్లంతా మసాలా వాసన. ప్రార్థనకి కాళ్ళూ చేతులూ కడుక్కుందామని స్నానాలగది వైపు బయల్దేరాను. ఎప్పుడూ నడిచే దారే, ఎప్పుడూ నడిచే వేగమే. వంటింటి మొదట్లో ఏదో వచ్చి నన్ను గుద్దుకుంది. గిన్నె ఎగిరింది. రోస్నాని కేక పెట్టింది. పొయ్యి మీంచి అప్పుడే దించిన రెండాంగ్ కూర ఆమె ఎడమ పాదం మీద పడింది.

హాల్లో గోడవారన స్కర్టింగు పట్టీ కొడుతున్న శుక్రి సుత్తి పారేసి పరిగెత్తుకొచ్చాడు. "చూసుకుని నడవొచ్చు కదా అబాంగ్!"

"చూసుకుని నడవాలా? ఎవడ్రా చూసుకోవాల్సింది? నేనా?" నా గొంతు నాలుగు అంతస్తులకీ వినిపించి ఉంటుంది. "నా చెవులు మూసి, మళ్ళీ చూసుకోమంటావా?"

రోస్నాని కాలిని కుళాయి కింద పెట్టించి, చల్లబడేదాకా పట్టుకుని కూర్చున్నాను. ఆమె పళ్ళు బిగించి ఊపిరి పీలుస్తున్న చప్పుడు ఒకటే వినబడుతోంది. తర్వాత గుమ్మం దగ్గరికెళ్ళి, అంచుపట్టీ కింద వేళ్ళు దూర్చి లాగాను. రోజంతా మనుషుల కండరాలు పిసికే చేతులివి. పట్టీ ఊడొచ్చింది. మొదటి పలక కూడా లేచింది.

"వదులు," అంది రోస్నాని వెనకనుంచి.

"వదలను. మొత్తం పీకేస్తా."

"వదలమన్నానా! ఆ పగిలిన టైల్స్‌ని ఇన్నేళ్ళూ చూసింది ఎవరు? నువ్వా? పగుళ్ళ మీద చాప కప్పితే, పోయిన పండక్కి వచ్చిన మీ పిన్ని కాలితో చాప తోసి మరీ చూసింది. అందరూ చూశారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు. నీకు అదేం తెలుసు? నేలంటే నీ ఒక్కడిదేనా?"

"నా నేల తీసేసి నీ నేల వేసుకున్నావన్నమాట."

"అవును. వేసుకున్నా. పలక ఎక్కడిదక్కడ పెట్టు."

పెట్టలేదు. ఆమే ఒంటికాలి మీద వచ్చి పెట్టుకుంది.

పండగ పొద్దున మసీదు నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. భార్య వచ్చి భర్త చెయ్యి ముద్దుపెట్టుకుని, ఏడాది తప్పులన్నీ క్షమించమని అడగడం మాలో ఆనవాయితీ. ఈసారి అంత తేలిగ్గా క్షమించకూడదని మనసులో గట్టిగా అనుకున్నాను.

వంటింట్లోంచి టక్కుమని వినబడింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్కుమంది.

అది పాంకోడు చప్పుడు. స్నానాలగదిలో వేసుకునే చెక్క పాంకోళ్ళు. ఇంట్లో చెప్పులతో తిరిగేవాళ్ళని మావాళ్ళు మనుషుల్లో లెక్కెయ్యరు. అలాంటిది కొత్త నేలమీద, పండగపూట, కర్ర పాంకోడు.

"కాక్! పిచ్చెక్కిందా నీకు? గీతలు పడుతున్నాయి!" శుక్రి అరిచాడు. "చుట్టాలు వచ్చే వేళైంది!"

"పడనీ. నా నేల, నా ఇష్టం. నువ్వు నోర్మూసుకుని ఆ అంచుపట్టీ సరిగ్గా బిగించు."

టక్. ఆగి, టక్. నా కుర్చీ దగ్గరికొచ్చింది. మెల్లగా కూర్చుని నా చెయ్యి తీసుకుంది. "తెలిసీ తెలియక చేసినవన్నీ క్షమించు అబాంగ్. నేల వేయించినందుకు మాత్రం అడగడం లేదు. నిన్నడిగి ఇంకోటి కొన్నందుకు అడుగుతున్నా."

వంగి ఆమె కాళ్ళు తడిమాను. కుడికాలికి పాంకోడు ఉంది. ఎడమకాలికి మెత్తటి గుడ్డ చుట్టి ఉంది. పక్కన పలకల మీద చెయ్యి పెడితే, వంటింటి వైపు నుంచి వరసగా చిన్నచిన్న సొట్టలు వేలికి తగిలాయి.

"రెండోది?" అన్నాను.

"దాని పట్టీ కాలిన చోటే ఒరుసుకుంటోంది. మానాక వేసుకుంటా. అప్పటిదాకా నీకు సగమే వినబడతాను," అంది.

నా కోపం పోలేదు. ఆమెదీ పోలేదని ఆ గొంతులోనే తెలిసింది. గుమ్మం బయట చుట్టాలు సలాం చెబుతున్నారు. రోస్నాని నా భుజం పట్టుకుని లేచి తలుపు వైపు నడిచింది. ఎంత దూరం వెళ్ళిందో, ఎక్కడ ఆగిందో, ఏ కాలు నొప్పెడుతోందో నాకు తెలుస్తూనే ఉంది.