పాత ఖాతాదారుడి ధర

డోరీన్ హార్‌గ్రీవ్‌కి ఆ కరెంటు కంపెనీ అంటే ఎంత రోతో, దాన్ని నెత్తిన పెట్టుకు ఊరేగే మొగుడన్నా అంతే రోత. విల్ఫ్ ముప్పై ఒక్క ఏళ్ళు థోర్న్‌క్లిఫ్ వీధుల్లో ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసిన మనిషి. అప్పుడది ప్రభుత్వ బోర్డు. తర్వాత దాన్ని ఎవరో కొన్నారు, వాళ్ళ దగ్గర ఇంకెవరో కొన్నారు. ఇప్పుడు దాని యజమానులు ఏ దేశంలో ఉంటారో విల్ఫ్‌కే తెలియదు. బిల్లు మీది పేరులో పాత ముక్క ఒకటి మిగిలింది. ఆ ముక్క పట్టుకుని వేలాడుతున్నాడు మహానుభావుడు. ఇంగ్లండులో సగం జనం ఏడాదికోసారి కంపెనీ మారుస్తుంటే, పెళ్ళాలను మార్చేవాళ్ళను చూసినట్టు చూస్తాడు వాళ్ళను.

పోయిన చలికాలం డోరీన్ నిమోనియాతో పదకొండు రోజులు ఆసుపత్రిలో పడుంది. పడకగది వెచ్చగా ఉండాలి, ఇంకోసారి వస్తే తట్టుకోలేవని డాక్టరు చెప్పి పంపాడు. ఆ గదిలో ఉన్నది కరెంటు హీటరు. బిల్లుకి జడిసి విల్ఫ్ అప్పుడూ దాన్ని రోజుకి గంట మించి వెయ్యనివ్వలేదు, ఇప్పుడూ వెయ్యనివ్వడు. చూస్తుండగానే నవంబరు వచ్చేసింది.

ఆ మంగళవారం పొద్దున డోరీన్ టీ పక్కన పెట్టుకుని, ధరలు పోల్చి చూపించే వెబ్‌సైటు తెరిచింది. ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుస్తున్నారో బిల్లు చూసి నింపింది. యూనిట్ ధర ఒక్కటే చూసి మురిసిపోయే రకం కాదామె. మీటరు గోడకి వేలాడుతున్నందుకు రోజూ గుంజే రుసుము కూడా కలిపి చూసింది. జాబితాలో మూడో పేరు దగ్గర ఆగిపోయింది. అది తమ కంపెనీయే. తాము పదిహేడు పెన్నీలు కడుతున్న యూనిట్ అక్కడ పన్నెండు. రుసుము రెండింటికీ ఒకటే. కింద చిన్న అక్షరాల్లో ‘కొత్తగా చేరేవారికి మాత్రమే’ అని ఉంది.

"విల్ఫ్, ఇలా రా. నీ కంపెనీ నిన్నెంత ముద్దు చేస్తోందో చూద్దువుగాని."

అతను కళ్ళద్దాలు పెట్టుకుని మూడుసార్లు చదివాడు. "ఏదో పొరపాటు జరిగుంటుంది. నేనెవరో వాళ్ళకి తెలిసుండదు. ఫోన్ చేసి చెప్తా."

"చెప్పు, చెప్పు. బ్యాండుమేళంతో ఎదురొస్తారు."

స్పీకరు పెట్టి అరగంట ఫోన్లో సంగీతం విన్నాక ఒక అమ్మాయి పలికింది. "హాయ్ విల్‌ఫ్రెడ్! ఎలా ఉన్నారు?"

ముక్కూ మొహం తెలియని పిల్ల పేరు పెట్టి పిలిచేసరికి అతని మొహం మాడిపోయింది. అయినా కోపం దిగమింగుకున్నాడు. "అమ్మాయీ, నేను మీ దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. నా నంబరు నాలుగు వందల పన్నెండు."

"అలాంటి రికార్డేమీ ఇక్కడ లేదండీ."

"పోనీ, ఒక్క బిల్లన్నా ఆలస్యం చెయ్యలేదు. అదైనా ఉందా?"

"ఉందండీ. మీలాంటి నమ్మకమైనవాళ్ళంటే మాకెంతో విలువ. కానీ ఆ ధర కొత్తవాళ్ళకే."

"వెళ్ళిపోతున్నానని చెప్పు," అని పక్కనుంచి గసిరింది డోరీన్.

విల్ఫ్ నోరు పెగల్చుకున్నాడు. "అయితే... మేం వేరే కంపెనీకి పోతాం."

"ఆగండాగండి విల్‌ఫ్రెడ్! మీకూ పన్నెండుకే ఇచ్చేస్తాం. ఇవాళ్టి నుంచే!"

ఇంత సిగ్గులేనితనం డోరీన్ సంతలో కూడా చూడలేదు. అయినా చవకగా వస్తోంది కదా, ఒప్పుకోమని తలాడించింది. విల్ఫ్ ఆమె వైపు చూడనేలేదు.

"ఇవాళ పన్నెండుకి ఇవ్వగలిగినవాళ్ళు, నా భార్య ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్నప్పుడు పదిహేడెందుకు గుంజారు?"

"ఆ వివరాలు నా దగ్గర ఉండవండీ. మరి ఒప్పుకుంటున్నట్టేనా?"

"ఒప్పుకోను." ఫోన్ పెట్టేశాడు. "చూశావా దొంగవెధవలు! నీ ప్రాణం మీదికి తెచ్చారు."

అంత కోపం తన కోసం అతనికి వస్తుందని డోరీన్ అనుకోలేదు. కానీ జాలిపడి వదిలేద్దామనీ అనిపించలేదు.

"వాళ్ళు ధర వేశారు విల్ఫ్, అంతే. హీటరు స్విచ్ కట్టేసింది నువ్వు."

అతను లేచి పడకగదిలోకి వెళ్ళాడు. డోరీన్ జాబితాలో మొదటి పేరు మీద నొక్కి, తమ చిరునామా నింపడం మొదలుపెట్టింది. ఖాతాదారు పేరు అడిగిన చోట ఈసారి తన పేరు రాసుకుంది.