వాలు మీద ఆగిన బండి

పెన్సిల్వేనియా కొండల్లో మనిషి పరువు వాడి ఇంటి ముందు గడ్డిలో ఉంటుంది. గడ్డి మోకాలెత్తు పెరిగిందంటే ఆ ఇంట్లో ఎవరో మంచాన పడ్డారని ఊరు అనుకుంటుంది. లోవెల్ హకెన్‌బెరీ ఇల్లు గట్టు మీద ఉంది. ముందంతా ఏటవాలు, దాని కింద తారు రోడ్డు, రోడ్డుకవతల ఎమ్మెట్ ఇల్లు. లోవెల్ గడ్డి కోసే తన చిన్న తోట ట్రాక్టరు మీద కూర్చుని ఆ వాలును వారం వారం నున్నగా కోసిపెట్టేవాడు. దారిన పోయేవాళ్ళు చూసి మెచ్చుకోవాలి, అదీ ఆయన సరదా.

నెల రోజులుగా ఆ ట్రాక్టరు వేడెక్కితే చాలు, ఎత్తు మీద నీరసించిపోతోంది. ఇంజను గుర్రుమంటూనే ఉంటుంది గాని చక్రాలకు బలం అందదు. చేతి బ్రేకు పళ్ళు అరిగి, పట్టడం ఎప్పుడో మానేసింది. "మెకానిక్కుకి చూపించరాదూ" అని భార్య ట్రూడీ పోరితే, "గడ్డి తడిగా ఉందే, బండికేం రోగం!" అని కొట్టిపారేశాడు. బండికి రోగమని ఒప్పుకుంటే పోయిన వేసవిలో తానన్న మాటలన్నీ తన నెత్తినే పడతాయి మరి.

పోయిన వేసవిలో ఎమ్మెట్ ట్రాక్టరు ఇలాగే ఒక వాలు మీద పట్టు తప్పి, వెనక్కి జారి గోతిలో పడింది. ఎమ్మెట్ కాలు విరిగింది. ఆ తర్వాత ఫైర్ స్టేషను హాల్లో పాన్‌కేకుల ఫలహారానికి ఊరంతా చేరినప్పుడు, లోవెల్ ఒక కుర్చీ మధ్యలోకి లాక్కుని కూర్చున్నాడు. కాళ్ళు రెండూ పైకెత్తి, "ఓరి నాయనో, కొండ పారిపోతోందిరో!" అని కేకలు పెడుతూ ఎమ్మెట్‌ని అచ్చు దించేశాడు. "కొండకి బుర్ర ఉండదర్రా, ఎక్కేవాడికుండాలి" అని చివర్లో ఓ ముక్తాయింపు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు, మళ్ళీ మళ్ళీ చేయించారు. కాలికి కట్టుతో మూలన, భార్య నడీన్ పక్కన కూర్చున్న ఎమ్మెట్ కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు పాపం.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ట్రూడీ చెల్లెలి ఇంటికి వెళ్ళింది. లోవెల్ ఫోను వంటింట్లో వదిలేసి గడ్డి కోయడానికి బయల్దేరాడు. వాలు సగం ఎక్కేసరికి ట్రాక్టరు మూలిగింది, నెమ్మదించింది, ఆగింది. ఆగిన బండి మెల్లగా వెనక్కి కదిలింది. లోవెల్ బ్రేకు మీద కాలు వేసి బలంకొద్దీ తొక్కాడు. నిలిచింది.

నిలిచింది సరే, ఇప్పుడు? కాలు తీస్తే బండి తిన్నగా రోడ్డు మీదికి పోతుంది. దూకేద్దామంటే తాను బతుకుతాడేమో గాని, ఆ రోడ్డున వచ్చేవాడి గతేమిటి? ఇంజను ఆపి చల్లారనిద్దామనుకున్నాడు.

అంతలో దాణా లారీ వచ్చింది. అక్కడ ఎదురుపడిన మనిషికి చెయ్యెత్తకుండా పోయేవాడు లేడు. డ్రైవరు స్టీరింగు మీంచి వేలెత్తాడు. లోవెల్ చెయ్యంతా ఎత్తి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. లారీ పోయింది. ఎదురుగా వరండాలో కూర్చున్న ఎమ్మెట్ కూడా చెయ్యి ఊపాడు. లోవెల్ అతనికీ ఊపాడు, ఊపుతూనే మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఊళ్ళో ఇంతమంది ఉండగా దేవుడికి ఈ మనిషే దొరికాడా!

తర్వాత ఉత్తరాలు పంచే డార్లా బండి వచ్చి రోడ్డు పక్కన పెట్టె దగ్గర ఆగింది.

"ఏం పెద్దాయనా, కొండెక్కి తపస్సు చేస్తున్నారా?" అని అరిచింది.

"గాలి బావుందమ్మాయ్! కాస్త పీలుస్తున్నా!"

"పీల్చండి పీల్చండి, దానికి పన్నేం లేదుగా!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ బండి మలుపు తిరిగాక లోవెల్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాళ్ళ దగ్గరికి వచ్చిన సాయాన్ని గాలి బావుందని చెప్పి పంపేశాడు. ఇంత వయసొచ్చి ఏం లాభమని తనని తానే తిట్టుకున్నాడు.

కాసేపాగి ఇంజను తిప్పి, బ్రేకు కొద్దిగా వదిలి చూశాడు. బండి ముందుకి పోలేదు సరికదా, వెనక్కి జర్రున జారింది. మళ్ళీ తొక్కిపట్టాడు. ఈసారి తొడ వణకడం మొదలెట్టింది, ఎంత బిగబట్టినా ఆగడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది, బడి బస్సు వచ్చే వేళయింది. పిల్లలతో నిండిన బస్సు సరిగ్గా ఈ వాలు కిందనుంచే పోతుంది. ఇక సిగ్గుపడుతూ కూర్చుంటే ఎవరి పిల్లల ప్రాణం మీదికో వస్తుంది.

"ఎమ్మెట్!" అన్నాడు. మళ్ళీ గట్టిగా అరిచాడు. "ఎమ్మెట్! ఒరే, ఒకసారి రారా! నావల్ల కావట్లేదు!"

ఎమ్మెట్ ఆ మాట కోసమే కాచుకున్నట్టు లేచాడు. కుర్చీ పక్కనుంచి రెండు చెక్క దిమ్మలు చంకన పెట్టుకుని, కుంటుకుంటూ రోడ్డు దాటాడు. బండికి దిగువన రాకుండా పక్కనుంచి ఎక్కాడు. వెనక చక్రాల కింద దిమ్మలు దూర్చి, మడమతో గట్టిగా తన్నాడు.

"మెల్లగా వదులు. ఊఁ, ఇంకొంచెం. ఇక దిగు, ఇటువైపుకి."

లోవెల్ దిగబోయి గడ్డిలో కూలబడ్డాడు. ఆ కాలు తనది కానట్టే ఉంది. కింద బస్సు పిల్లల గోలతో వెళ్ళిపోయింది. ఇద్దరూ అది మలుపు తిరిగేదాకా చూశారు.

"ఎప్పట్నుంచి చూస్తున్నావురా?" అన్నాడు లోవెల్.

"మొదట్నుంచీ."

"మరి రావేం?" కోపం ముంచుకొచ్చింది లోవెల్‌కి, ఆ కోపానికి సిగ్గు కూడా వేసింది.

"నువ్వేమో చెయ్యి ఊపుతున్నావు. పిలవకుండా వస్తే చిన్నతనంగా ఉంటుందేమో అనుకున్నా. బస్సొచ్చే వేళకి పిలవకపోయినా వచ్చేవాణ్ణే." ఎమ్మెట్ గడ్డిపరక ఒకటి తెంపాడు. "హాల్లో ఎవరికీ చెప్పన్లే, దిగులు పెట్టుకోకు."

చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. లోవెల్ తల వంచుకున్నాడు. "ఆ రోజు నేను... ఆ కుర్చీ..."

"బాగానే చేశావు. నాకూ నవ్వొచ్చింది, నిజం. నడీనే, కార్లో ఇంటిదాకా ఏడుస్తూ వచ్చింది." అదేదో వానపడిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. "లే. కాఫీ పెడతానంది, తాగి పోదువుగాని."

లోవెల్ గడ్డిలోంచి కదల్లేదు. "వద్దురా. ఏ మొహం పెట్టుకుని ఆవిడ ఎదుటికి రాను?"

ఎమ్మెట్ లేచి చెయ్యి అందించాడు.

"ఈ కాలుతో షెడ్డుదాకా నేనెక్కడ పోయొస్తాను లోవెల్, నీ బండి ఆగడం చూసి అక్కణ్ణుంచి ఆ దిమ్మలు తెచ్చి నా పక్కన పెట్టింది ఆవిడే."