బొంత వెనకవైపు

"గిన్నెలో గింజ ఉడికిందా, గోడవంక చూడవే,
గోడవతల పొయ్యి చూసి..."

అక్కడిదాకా పాడి మిషనమ్మ ఊఁ ఊఁ అని రాగం తీసేది. చిన్నప్పుడు ఆదివారం బడిలో నేర్చుకున్న పాట. తర్వాత ముక్క గుర్తు లేదనేది. పాట నేర్పిన పక్కింటి మంత్రసాని పిన్ని గోడవతల నుంచి నవ్వేది. "అరవై బట్టల కొలతలు గుర్తుంటాయి గానీ ఆ ఒక్క ముక్క గుర్తుండదేమే నీకు?" అనేది. మిషనమ్మ కాళ్ళ కింద కుట్టుమిషను టకటకలాడుతూనే ఉండేది. ఆ ఇంట్లో పొద్దు ఇలాగే మొదలయ్యేది.

తర్వాత రెండేళ్ళు వరసగా వాన మొహం చాటేసింది. బావులు అడుగంటాయి. పశువుల డొక్కలు లోపలికి పోయాయి. మనుషులు చిక్కిపోయారు, వాళ్ళతోపాటు ఇళ్ళ మధ్య గోడలూ చిక్కిపోయాయి. కరువొస్తే ఆ ఊళ్ళో గోడలంతే. జానెడు గోడ బెత్తెడైంది, బెత్తెడు వేలెడైంది, రెండో ఎండాకాలానికి ఉతికి ఉతికి పలచబడ్డ పాత గుడ్డలా తయారైంది. అవతలి మనిషి కదిలితే కనిపిస్తుంది. చెయ్యి పెడితే చెయ్యి దూరుతుంది. చర్చిలో అయ్యగారు, "గోడలకి ఆనుకోకండి, నిచ్చెనలు చేరవెయ్యకండి" అని ప్రకటన చదివి, ఆ వెంటనే పాట నంబరు చెప్పేవారు. చెప్పులు కుట్టేవాడి గురక ఇన్నాళ్ళూ విన్నది చాలక ఇప్పుడు చూడాల్సొస్తోందని వాడి పక్కింటామె మొత్తుకునేది. మొగుడూ పెళ్ళాలు దెబ్బలాడుకుంటే తీర్పు పక్కింట్లోంచి వచ్చేది.

ఆ పలచటి గోడల వల్ల ఓ మేలుంది. ఎవరూ ఎవరి గుమ్మం ముందూ నిలబడి అడగక్కర్లేదు. అవతల పొయ్యి వెలగలేదంటే ఇవతల నుంచి గిన్నె దూరుతుంది. మర్నాడు గిన్నె కడిగి వెనక్కొస్తుంది. అంతే, మాటలుండవు. ఏ ఇంట్లోనైనా గోడకి అడ్డంగా గుడ్డ కట్టారంటే మాత్రం అక్కడ బొత్తిగా ఏమీ లేదని, తమ ఖాళీ గిన్నెలు కనపడతాయని సిగ్గుపడుతున్నారని అర్థం. అలాంటి ఇంటికి గుడ్డ అంచు కిందనుంచి గిన్నె తోసి, చూడనట్టు ఇటు తిరిగేవారు.

మిషనమ్మకి ఇదంతా తెలుసు. తెలిసే కట్టింది.

ఆమె కూతురు ఏడో నెల కడుపుతో ఉంది. రోడ్డు పనికి దూరం వెళ్ళిన అల్లుడు రెండు బస్తాల పిండీ డబ్బాడు నూనే బండి మీద పంపాడు. అందరూ చర్చిలో ఉండగా, తలనొప్పని ఇంట్లో ఉండిపోయి, మిషనమ్మ వాటిని దింపించుకుంది. తర్వాత పెట్టె తీసి, పాత బట్టల ముక్కలతో ఏడాదిపాటు కుట్టిన బొంత బయటికి లాగి, దూలం నుంచి గోడ పొడుగునా వేలాడదీసింది.

"అమ్మా, అదెందుకే?" అంది కూతురు.

"కాన్పు అయ్యేదాకానే. రెండు బస్తాలు ఊరందరికీ వస్తాయా?"

"ఊరందరూ ఎవరే, పక్కన ఉన్నది పిన్నమ్మమ్మ ఒక్కతే."

"నీ కడుపు సంగతి చూసుకో ముందు."

పిన్ని దగ్గర మాత్రం ఏముందిలే, ఇటు తొయ్యడానికి, అనుకుంది మిషనమ్మ. మూడో రోజు బొంత అంచు కింద గిన్నె కనిపించింది. అందులో ఉడికించిన దుంపలు నాలుగు, ఆవిరి ఇంకా పోలేదు.

మిషనమ్మ దాని ముందు చాలాసేపు గొంతుక్కూర్చుంది. వెనక్కి తోస్తే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చివరికి దుంపలు కూతురికి పెట్టి, గిన్నె కడిగి, అంచు కింద నుంచి తోసేసింది. రెండు రోజులకి మళ్ళీ గిన్నె. ఈసారి మూడు దుంపలు. తర్వాత రెండు. గిన్నె రావడం మొదలయ్యాక మిషనమ్మ రొట్టె కాల్చేది కాదు. వాసన వెళ్తుందని పిండి నీళ్ళలో కలుపుకుని తాగేది. పాట మానేసింది.

ఆదివారం చర్చిలో పిన్ని ఆమె పక్కనే కూర్చుంది. పాటల పుస్తకం ఒక్కటే, ఇద్దరూ చెరో అంచూ పట్టుకున్నారు. పిన్ని మణికట్టు చూసి మిషనమ్మ కళ్ళు పేజీలోకి దించేసింది. బయటికొచ్చాక పిన్ని మెట్ల మీద ఆగి, ఊపిరి తీసుకుని, గొంతు తగ్గించి అంది.

"సిగ్గుపడకే. మా అమ్మ కూడా ఓ కరువులో గోడకి గుడ్డ కట్టింది. కరువన్నాక ఎవరికైనా తప్పదు. పిల్లకి మాత్రం కడుపు మాడ్చకు."

"నువ్వు తింటున్నావా పిన్నీ?"

"ముసలిదాన్ని, నాకెంత కావాలే? పక్షి తిన్నంత."

అప్పుడు చెప్పెయ్యాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో అయ్యగారు ఇటే రావడంతో, ఎండ ఎక్కువగా ఉందంటూ మిషనమ్మ గబగబా ఇంటికి నడిచింది.

ఇంకో రెండు వారాలకి, నెలలు నిండకుండానే, మిట్టమధ్యాహ్నం కూతురికి నొప్పులొచ్చాయి. మిషనమ్మ బొంత దగ్గరికి పరిగెత్తి కేకేసింది.

"పిన్నీ, తొందరగా రా."

అవతల మంచం కిర్రుమంది. కాసేపటికి పిన్ని గొంతు వినిపించింది, పక్కనే ఉన్నా ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు.

"కాళ్ళు నిలబడట్లేదే. వీధి చుట్టూ తిరిగి రాలేను. పిల్ల మంచం గోడకి చేర్చు. ఆ అడ్డం తీసెయ్యి, నాకు కనపడాలి."

మిషనమ్మ బొంత అంచు పట్టుకుంది. అంత కంగారులోనూ ఆమె చూపు బస్తాల మీదికి పోయింది. ఏదైనా కప్పుదామా అని అటూ ఇటూ చూసింది కూడా. కూతురు పళ్ళు బిగబట్టి, "అమ్మా, తియ్యవే" అంది. లాగేసింది. బొంత కుప్పగా కింద పడింది.

గోడవతల పిన్ని నేల మీద కూర్చుని ఉంది, గోడకి దగ్గరగా జరిగి. ఆమె చేతులు రెండూ మోచేతుల దాకా గోడలోంచి ఇవతలికొచ్చాయి. పుల్లల్లా ఉన్నాయి, కానీ పనిలో పడగానే వణుకు ఆగింది. "ఊపిరి పీల్చు. ఇప్పుడు వద్దు. ఆగు. ఆఁ, ఇప్పుడు." పాప మెడకి బొడ్డుపేగు చుట్టుకుని నీలంగా వచ్చింది. పిన్ని వేళ్ళు ఒక్కో చుట్టూ విప్పాయి, తొందర లేకుండా, చిక్కుపడ్డ దారం విప్పినట్టు. తర్వాత వీపు మీద రెండు దెబ్బలు. పాప ఏడ్చింది.

"చుట్టడానికేదైనా ఇవ్వవే" అంటూనే, పిన్ని చేతికందిన బొంతని దగ్గరికి లాక్కుంది. అప్పుడు తలెత్తింది. చూపు గదంతా తిరిగింది. రెండు బస్తాలు, ఒకదానికి మూతి విప్పి ఉంది. నూనె డబ్బా. బస్తా మీద నిన్న తను తోసిన గిన్నె, అందులో ఎండిపోయిన ఒక్క దుంప. పిన్ని వాటిని చూడటం మిషనమ్మ చూసింది. చూస్తోందని పిన్నికీ తెలిసింది.

పిన్ని బొంత తిరగేసి, మెత్తటి వైపు లోపలికి పెట్టి, పాపని చుట్టి, ఇవతలికి అందించింది.

మిషనమ్మ పొయ్యి దగ్గరికి పోయి దోసెళ్ళతో పిండి ముంచింది. జావ కలుపుతుంటే, మరిచిపోయానని ఇన్నేళ్ళూ చెప్పుకున్న ముక్క దానంతటదే నోట్లోకొచ్చింది. "...నీ పొయ్యి వెలిగించవే." గిన్నె పట్టుకుని వీధి చుట్టూ వెళ్ళింది, గోడలోంచి ఇవ్వడానికి చెయ్యి రాక. ఒళ్ళో తల పెట్టుకుని తాగించింది. రెండు చెంచాలు దిగాయి, మూడోది పెదవి చివర నుంచి జారిపోయింది. పిన్ని కళ్ళు మూసుకుంది. మూడు రోజులు మిషనమ్మ అక్కడే కూర్చుంది. నాలుగో రోజు పొద్దున్నే వాన మొదలైంది, పిన్ని పోయింది.

సమాధి దగ్గర అయ్యగారు గొడుగు కింద నిలబడి, ఆఖరి ఘడియ దాకా పక్కన ఉన్న పొరుగుమనిషి అని మిషనమ్మ పేరెత్తి మెచ్చుకున్నారు. అందరూ ఆమె వంక చూసి తలలూపారు. మిషనమ్మ కాళ్ళ కింద బురద చూస్తూ నిలబడింది. నెల తిరిగేసరికి గోడ మళ్ళీ జానెడైంది. మేకు కొడితే దిగేంత గట్టిపడింది. ఆమె దాని మీద ఏదీ కొట్టలేదు. పాప ఆ బొంతలోనే పెరుగుతోంది.

ఆ రోజు, పాపని ఇవతలికి అందిస్తూ, బొంత అంచు మీద వేలు రాస్తూ పిన్ని ఆమెతో అన్న ఆఖరి మాట ఇదే:

"వెనకవైపు కూడా ఎంత నీటుగా కుట్టావే. ఇన్నాళ్ళుగా ఇటునుంచి చూస్తున్నా, ఒక్క ముడైనా కనపడలేదు."