పోటు ఆగిన గురువారం

బేకరీలో పని ముగించుకుని, జుట్టులోని పిండి దులుపుకుంటూ రొవీనా చర్చి హాలుకు వచ్చేసరికి జాస్ డ్రమ్ముల మీది దుప్పటి తీసి మడతపెడుతూ ఉండేవాడు. జాస్ స్కూలు బస్సు నడుపుతాడు. పొద్దున పిల్లల్ని దింపాక మధ్యాహ్నం మళ్లీ ఎక్కించుకునేదాకా అతనికి పనిలేదు. అందుకని మంగళవారం, శుక్రవారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా, అఖాతం ఒడ్డునున్న ఆర్న్‌సైడ్ ఊళ్లో వాళ్ల సాధన.

ఇద్దరే మనుషులు. కానీ బయటి నుంచి వింటే అయిదుగురున్నారనిపించేది. రొవీనా రెండు చేతులతో రెండు కీబోర్డులు వాయిస్తూ, చెప్పులు విడిచిన కాళ్లతో కింద చెక్క పెడల్స్ మీద మంద్రమైన బేస్ స్వరాలు తొక్కేది. జాస్ ఏడు మాత్రల లెక్కలో మొదలుపెట్టి, ఎవరికీ తెలియకుండా తొమ్మిదిలోకి జారిపోయేవాడు. యాభై ఏళ్ల కిందట, వాళ్లు పుట్టకముందు, రికార్డు ఒక వైపంతా ఒకే పాటగా వాయించిన రాక్ బృందాలుండేవి. ఆ మోతంటే వాళ్లకు పిచ్చి. వాళ్లు కట్టిన పెద్ద పాట ఇరవై రెండు నిమిషాలు.

వాళ్లు వాయిస్తున్నంతసేపూ అఖాతంలోకి పోటు వచ్చేది కాదు. ఎక్కడిదాకా వచ్చిందో అక్కడే, ఇసుక మీద తెల్లటి నురగ గీతలా నిలబడి ఉండేది. పాట అయ్యాక, ఆలస్యమైనంతా కలుపుకుని గబగబా వచ్చేసేది. పోటు వస్తోందని హెచ్చరిస్తూ సైరన్ మోగించే ముసలాయన హాలు వైపు ఓ చెవి వేసి, పాట అయ్యాకే మోగించేవాడు. రొయ్యలు పట్టేవాళ్లు మంగళవారం, శుక్రవారం ఇంకో రెండు బుట్టలు నింపుకునేవాళ్లు. సెలవులకు వచ్చి పోటు చూడాలని గట్టున నిలబడ్డవాళ్లు మాత్రం కాస్త విసుక్కునేవాళ్లు.

రొవీనా వాయించే పాత టేపుల కీబోర్డు సెడ్రిక్ బిర్కెట్‌ది. మెట్టు నొక్కితే లోపల ఒక టేపు కదిలి వేణువో, వయొలినో, బృందగానమో పలికేది. అదీ ఎనిమిది సెకన్లే. ఒకప్పుడు సెడ్రిక్ దానితో పెద్ద పెద్ద హాళ్లలో వాయించాడు. తర్వాత కాలం మారి, మూడు నిమిషాల పాటలొచ్చి, అంతంత పొడుగు వాయించేవాళ్లను జనం వెక్కిరించారు. అతను పియానోలు శ్రుతి చేసుకుంటూ బతికాడు. మొన్న చలికాలంలో భార్య ఏవ్రిల్ పోయాక రొవీనాను పిలిచి, "తీసుకుపో అమ్మాయ్, చోటు దండగ" అని ఆ కీబోర్డు ఇచ్చేశాడు. వాళ్ల సాధన వినడానికి ఎన్నిసార్లు పిలిచినా రాలేదు.

మార్చిలో మాంచెస్టర్ నుంచి డెన్‌హోమ్ అనే ఆయన వచ్చాడు. ఓ పెద్ద బృందం దేశమంతా తిరుగుతూ కచేరీలు చేయబోతోంది. ఆ కచేరీల్లో వాళ్లకంటే ముందు వాయించడానికి ఎవరైనా కావాలి. ఆయనకు గురువారమే కుదిరింది. టీ తాగుతూ, పాటను ఆరు నిమిషాలకు తగ్గిస్తే తీసుకుంటానన్నాడు. జాస్ నేల చూశాడు. నాలుగేళ్లుగా ఇలాంటి పిలుపు కోసమే చూస్తున్నారు. రొవీనాయే సరేనంది.

మొదలుపెట్టారు. ఐదో నిమిషంలో జాస్ కిటికీలోంచి ఇసుక వైపు చూసి, గడ్డంతో రొవీనాకు సైగ చేశాడు. దూరాన ఎవరో గోధుమరంగు కోటుతో, సముద్రం వైపు తిరిగి కదలకుండా నిలబడి ఉన్నారు. ఆ మనిషికి వంద గజాల అవతల నురగ గీత ఆగి ఉంది. ఆ కోటు ఎవరిదో రొవీనాకు తెలుసు. ఏవ్రిల్ అంత్యక్రియలకు సెడ్రిక్ అదే వేసుకున్నాడు.

ఆరో నిమిషం దాటింది. డెన్‌హోమ్ వాచీ చూసుకున్నాడు. రొవీనా చేతులు ఆపకుండా, వాయిద్యాల మీదుగా గట్టిగా చెప్పింది: "అక్కడ మనిషి ఉన్నాడు. మేం ఆపితే నీళ్లొస్తాయి. తీర రక్షణ దళానికి ఫోన్ చెయ్యండి."

ఆయన మంచివాడే, వెంటనే చేశాడు. దళంవాళ్లు ట్రాక్టరు వేసుకుని వచ్చేసరికి ముప్పావుగంట పడుతుందన్నారు, వాయిస్తూనే ఉండమన్నారు.

ఇరవై రెండు నిమిషాలూ అయిపోయాయి. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. అదీ అయ్యేసరికి జాస్ చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. ఇసుక మీది మనిషి కదలలేదు. ఇక వాయించడానికేమీ తోచక, రొవీనా సెడ్రిక్ పాత రికార్డులోని ఒక వరస అందుకుంది. ఎప్పుడో చిన్నప్పుడు విన్నది. అందులో ఒకచోట స్వరం తప్పు పడుతోందని ఆమెకే తెలుస్తోంది, సరైనది మాత్రం గుర్తు రావడం లేదు. తప్పుతోనే వాయించింది. మళ్లీ వాయించింది. అయిదోసారి కూడా అక్కడే తప్పు పడ్డప్పుడు, గోధుమరంగు కోటు వెనక్కి తిరిగింది.

అతను ఒడ్డుకు నడిచి వచ్చేదాకా వాళ్లు ఆపలేదు. తలుపు తెరుచుకుని, బూట్ల నిండా బురదతో సెడ్రిక్ లోపలికి వచ్చాడు.

"అక్కడ అది కాదమ్మాయ్. ఒక మెట్టు కిందిది" అన్నాడు.

రొవీనా చేతులు తీసేసింది. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత అఖాతం వైపు నుంచి గంటసేపటి పోటంతా ఒక్కసారిగా వస్తున్న హోరు, దాని వెనక సైరన్ వినిపించాయి. డెన్‌హోమ్ ఒడ్డున ఆపిన కారు పక్కకు తీయడానికి పరుగెత్తాడు. పోతూ పోతూ, ట్రాక్టరు అక్కర్లేదని ఫోన్ చేశాడు కూడా. ఆ తర్వాత ఆయన ఆరు నిమిషాల సంగతి ఎత్తలేదు, కచేరీల సంగతీ ఎత్తలేదు.

జాస్ టీ ఇచ్చాడు. సెడ్రిక్ కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కప్పులన్నీ కడిగి బోర్లించి వచ్చాను. పిల్లిని పక్కింటావిడకిచ్చాను. గురువారం కదా, మీరు వాయించరని" అన్నాడు. "అంతసేపు నిలబడ్డా అది రాలేదు."

"మేం వాయిస్తున్నాం" అంది రొవీనా.

"వినబడింది. రేపు వాయిస్తారా?" అని అడిగాడు సెడ్రిక్.

"రేపు శుక్రవారమేగా. వాయిస్తాం."

"శనివారం?"

వాళ్లు శనివారం ఎప్పుడూ వాయించింది లేదు. జాస్ రొవీనా వైపు చూశాడు.

"వాయిస్తాం" అన్నాడు.

"ఆదివారం?"

"ప్రార్థన అయ్యాక వాయిస్తాం. సోమవారం కూడా. మీరొచ్చి పక్కన కూర్చోవాలి మరి. మాకు తప్పులు పడుతున్నాయి" అంది రొవీనా.

సెడ్రిక్ కప్పు కింద పెట్టి, కీబోర్డు దగ్గరికి వెళ్లి మూత మీద వేళ్లతో తట్టాడు.

"రోజూ వాయిస్తే ఈ టేపులు నెల కూడా నిలవవు" అని, స్క్రూడ్రైవర్ ఉందా అని అడిగాడు.