పడని దెబ్బ

చొక్కా కాలరు పరిచి, ఆర్వెల్ టిబ్స్ కుడికాలితో ఇస్త్రీ మిషను పెడలు తొక్కాడు. ఆవిరి బుస్సుమంది. వదిలాడు, మళ్ళీ తొక్కాడు. అమెరికాలో డేటన్ అనే ఊళ్ళోని ఈ లాండ్రీలో నలభై ఆరేళ్ళుగా ఆ కాలు చేస్తున్న పని ఇదే. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. పొడుగ్గా ఎండిపోయిన ఒళ్ళు, ఆవిరికి ఉడికి మెరిసే వేళ్ళు. కుడి బూటు మడమ ఎడమదానిలో సగం కూడా ఉండదు.

అంతకుముందు అదే కాలితో డ్రమ్ము పెడలు తొక్కేవాడు. చేసింది ఒకే ఒక్క రికార్డు, ఫంక్ అనే ఒళ్ళూపే డాన్సు సంగీతంది. పాట మధ్యలో అన్నీ ఆగిపోయి డ్రమ్ములొక్కటే మోగే చోట, మొదటి దెబ్బ ఉండదు. ఫంక్‌కి ప్రాణమంతా ఆ మొదటి దెబ్బే, అది తప్పించడమంటే కూరలో ఉప్పు మర్చిపోవడమే. రికార్డింగు రోజు బూటు మడమ ఊడి కాలు జారింది. బ్యాండు పెద్ద నానా తిట్లూ తిట్టాడు. రెండోసారి వాయించేందుకు టేపు లేక అలాగే వదిలేశారు.

ఇక చూడండి, నలభై ఏళ్ళుగా ఆ డ్రమ్ముల ముక్కనే రికార్డులోంచి కత్తిరించుకుని కుర్రకారంతా తమ పాటల కింద అతికించుకుంటూనే ఉంది. వీధిలో పోయే ప్రతి కారులోనూ అదే. "అది నా కాలే" అనేవాడు ఆర్వెల్, ఏ మొహమాటమూ లేకుండా.

ఆయనకు కడుపుమంట ఒక్కటే. ఏటా వేసవిలో చర్చి వెనక జరిగే విందులో ఆ పాట వాయిస్తారు. అక్కడ డ్రమ్ములు వాయించే వెర్డీన్ అనే అమ్మాయి ఆ ఖాళీని తన దెబ్బతో పూడ్చేస్తుంది.

ఈ ఏటి విందు ఇవాళే. మధ్యాహ్నం పని కాగానే తిన్నగా అక్కడికి వెళ్ళాడు. నిప్పుల మీద పంది పక్కటెముకల మాంసం కాలుతోంది.

"ఈసారైనా ఆ దెబ్బ వదిలెయ్యి తల్లీ," అన్నాడు వెర్డీన్‌తో.

"వదిలితే వెర్డీన్ తప్పిందంటారు బాబాయ్. నీకేం, కుర్చీలో కూచుని ఎముకలు చీకుతుంటావు."

"తప్పే. నాది. లోకమంతా ఎత్తుకుపోయిన తప్పుని నువ్వు బాగుచేస్తానంటావేం? వదిలిచూడు, దాన్ని వినేవాళ్ళే వేస్తారు."

"వెయ్యకపోతే?"

"నన్ను తిట్టు. పడతాను."

పాట మొదలైంది. ఆర్వెల్ మడతకుర్చీలో కూర్చుని, కాలు వాచిందని కుడి బూటు విప్పుకున్నాడు. ఆ చోటు రానే వచ్చింది. వెర్డీన్ ఆయనకేసి చూసి, కాలెత్తి, దించలేదు.

ఆ ఖాళీలో పెరడంతా ఒక్కసారి నేలని తన్నింది. ముసలమ్మలు, గరిటె పట్టుకున్నవాళ్ళు, అందరూ. వెర్డీన్ పగలబడి నవ్వుతూ మళ్ళీ వదిలింది, మళ్ళీ తన్నారు. ఆర్వెల్ కళ్ళు మూసుకుని నవ్వాడు. ఎంత సంతోషంగా ఉన్నాడో చెప్పలేను.

పాటయ్యాక ఆమె పళ్ళెం నింపుకుని తెచ్చింది.

"గెలిచావులే బాబాయ్, తిను."

ఆయన కళ్ళు తెరవలేదు. భుజం తడితే తల పక్కకి వాలింది. పళ్ళెం గడ్డిలో పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని అక్కడే కూలబడింది.

ఆయన్ని తీసుకెళ్ళాక, కుర్చీ కింద మిగిలిన బూటు తెచ్చి డ్రమ్ము పెడలు మీద పెట్టింది. సగం మడమతో, విప్పిన తాళ్ళతో అది అక్కడే ఉంది, పెడలు మాత్రం కిందికి దిగలేదు.